లోపం మేరకే మార్పు: సెక్యూరిటీ అప్‌డేట్ల చరిత్ర

ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చే అప్‌డేట్లలో కొన్ని కొత్త సౌకర్యాలు తెస్తాయి, కొన్ని పనితీరులోని తప్పులు దిద్దుతాయి. ఇంకొన్ని మాత్రం బయటివాళ్లు యంత్రంలోకి చొరబడడానికి సందిచ్చే లోపాలను పూడ్చడానికే వస్తాయి. మొదటి రెండు రకాలనూ ఆపేసి మూడోదాన్ని మాత్రమే తీసుకునే పద్ధతి సర్వర్ల నిర్వహణలో ఇప్పుడు మామూలు సంగతి. రాత్రింబవళ్లు నడవాల్సిన యంత్రం మీద ఏ మార్పైనా ప్రమాదమే. నిన్నటిదాకా సవ్యంగా పనిచేసిన డేటాబేస్ కొత్త లైబ్రరీ రాగానే మొరాయించవచ్చు. అలాగని ఏ మార్పూ చేయకుండా కూర్చుంటే, లోకమంతటికీ తెలిసిన లోపం ఆ యంత్రంలో అలాగే మిగిలిపోతుంది. ఈ రెండు భయాల మధ్య కుదిరిన ఒప్పందమే సెక్యూరిటీ అప్‌డేట్. లోపం ఎంతమేర ఉందో అంతమేరకే చేయి పెడతాం, మిగతాది ముట్టుకోం అని తయారీదారు అందులో మాట ఇస్తాడు. ఆ మాటను నమ్మే, యంత్రం నడిపేవాళ్లు అప్‌డేట్‌ను పరీక్షించకుండానో, కొద్దిపాటి పరీక్షతోనో లోపలికి రానిస్తారు.

1980లలో ఇలాంటి విడదీత లేదు. యునిక్స్ యంత్రాలకు కొత్త వెర్షన్ వస్తే అన్ని మార్పులూ కలగలిసి టేపు మీద వచ్చేవి. మారిన వరుసలను మాత్రమే చిన్న ఫైలుగా పంపి, అవతలివాళ్ల కోడ్‌లో వాటంతట అవే అతుక్కునేలా చేసే ప్రోగ్రాంను లారీ వాల్ 1985లో విడుదల చేశాడు. దాని పేరు 'ప్యాచ్'. ఒక్క లోపానికి ఒక్క సవరణ అందించే సాధనం అప్పటికి చేతికొచ్చింది, కానీ దాన్ని భద్రత కోసం క్రమపద్ధతిలో వాడాలన్న ఆలోచన ఇంకా రాలేదు.

ఆ ఆలోచన మోరిస్ వర్మ్ దాడితో వచ్చింది. 1988 నవంబరు 2 రాత్రి రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాం వ్యాక్స్, సన్-3 యంత్రాల్లోకి పాకి, ఇంటర్నెట్‌లో సుమారు ఆరువేల కంప్యూటర్లను స్తంభింపజేసిందని అప్పట్లో అంచనా వేశారు. అది లోపలికి వచ్చిన దారుల్లో ఒకటి ఈమెయిళ్లు చేరవేసే సెండ్‌మెయిల్ ప్రోగ్రాంలో పరీక్షల కోసం ఉంచిన 'డీబగ్' ఆదేశం. మర్నాడు తెల్లవారకముందే బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి కీత్ బోస్టిక్ సవరణ పంపాడు. సెండ్‌మెయిల్ కొత్త వెర్షన్ కాదది, ఆ ఆదేశాన్ని పనిచేయకుండా చేసే చిన్న మార్పు మాత్రమే. అయితే చాలా సంస్థలు భయంతో నెట్‌వర్క్ తీగలు పీకేసుకోవడంతో మందు కూడా వాళ్లకు వేళకు చేరలేదు. సవరణ రాయడం ఎంత ముఖ్యమో, దాన్ని నమ్మకంగా చేరవేసే దారి ఉండడమూ అంతే ముఖ్యమని ఆ రెండు రోజుల్లో తేలిపోయింది. అదే నెలలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా చొరవతో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, ఇలాంటి దాడులను ఎదుర్కొనే పనిని సమన్వయపరచడానికి సెర్ట్ సమన్వయ కేంద్రం మొదలైంది. భారతదేశంలో ఈ పని చేసే సెర్ట్-ఇన్ 2004 జనవరిలో పని ప్రారంభించింది.

అప్పట్లో సెర్ట్ పద్ధతి జాగ్రత్తతో కూడినది: సవరణ సిద్ధమయ్యేదాకా లోపం సంగతి బయటపెట్టేది కాదు. తయారీ కంపెనీలు ఆ మౌనాన్ని తమకు వీలుగా వాడుకుని నెలల తరబడి నాన్చుతున్నాయన్న అసంతృప్తి నిర్వాహకుల్లో పెరిగింది. 1993లో మొదలైన బగ్‌ట్రాక్ వేదికలో లోపాలను పూర్తి వివరాలతో బహిరంగంగా చర్చించడం ఆ అసంతృప్తి ఫలితమే. దీనివల్ల దాడి చేసేవాళ్లకూ సమాచారం అందింది, కాదనలేం. కానీ కంపెనీల మీద ఒత్తిడి పెరిగి సవరణలు త్వరగా రావడం మొదలైంది. ఇంకో చిక్కు మిగిలింది. ఒకే లోపాన్ని ఒక్కో సంస్థ ఒక్కో పేరుతో పిలిచేది. అప్‌డేట్ ఏ లోపం కోసం వచ్చిందో గట్టిగా చెప్పలేనప్పుడు, అది భద్రత కోసమే వచ్చిందని నమ్మేదెలా? 1999లో మైటర్ సంస్థ 321 లోపాలతో సీవీఈ జాబితా ప్రారంభించి ప్రతి లోపానికీ సంవత్సరంతో కూడిన ఉమ్మడి సంఖ్య ఇచ్చింది. భద్రతా సవరణలను మిగతా మార్పుల నుంచి ఏరి విడిగా పెట్టడం ఆ తర్వాతే శాస్త్రీయంగా సాధ్యమైంది.

ఈ పద్ధతిని కంపెనీల కంటే పట్టుదలగా పాటించింది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన, లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే డెబియన్ ప్రాజెక్టులో ఒక విడుదల 'స్టేబుల్' అనిపించుకున్నాక అందులోని ప్రోగ్రాముల వెర్షన్లు అక్కడితో ఆగిపోతాయి. అసలు రచయితలు ఆ తర్వాత ఎన్ని కొత్త వెర్షన్లు తెచ్చినా స్టేబుల్‌లోకి రావు. లోపం బయటపడితే రచయితలు తమ తాజా వెర్షన్‌లో దాన్ని సరిచేస్తారు. డెబియన్ భద్రతా బృందం ఆ సవరణలోంచి లోపానికి సంబంధించిన వరుసలను మాత్రమే విడదీసి రెండు మూడేళ్ల కిందటి కోడ్‌కు అమర్చుతుంది. ఈ పనినే బ్యాక్‌పోర్టింగ్ అంటారు.

వినడానికి తేలికగా ఉంటుంది గానీ, ఈలోగా కొత్త కోడ్‌లో ఫంక్షన్ల పేర్లు మారిపోయి ఉంటాయి, ఒక ఫైలు మూడు ఫైళ్లయి ఉంటుంది. సవరణ తీరా చూస్తే అంతకుముందు జరిగిన మరో మార్పు మీద ఆధారపడి ఉంటుంది, ఆ మార్పు పాత కోడ్‌లో ఉండదు. పాత కోడ్‌లో అసలా లోపం ఉందా, ఉంటే అదే రూపంలో ఉందా అన్నది ముందుగా తేల్చాలి. ప్యాచ్ పది వరుసలే కావచ్చు, దానికోసం చుట్టూ ఉన్న వందల వరుసలు చదవక తప్పదు. తక్కువ మార్చడానికి ఎక్కువ పని చేయాలి. సెక్యూరిటీ అప్‌డేట్ తీసుకునేవాడికి అది నిమిషంలో ముగిసే చిన్న డౌన్‌లోడ్‌గా కనిపిస్తుంది కాబట్టి, ఈ చాకిరీ ఎవరి కంటా పడదు. పడనంత కాలం అది సజావుగా సాగుతోందని అర్థం చేసుకోవాలి.

ఆ తర్వాత వచ్చేది తయారీ. 2002 జులైలో విడుదలైన డెబియన్ 3.0 'వుడీ' 11 రకాల ప్రాసెసర్ల మీద నడిచేది. ఒక లోపాన్ని సరిచేశాక ఆ ప్యాకేజీని పదకొండు రకాలకూ విడివిడిగా తయారుచేసి, అన్నీ సిద్ధమయ్యాక ఒకేసారి విడుదల చేయాలి. ముందొకటి వెనకొకటి వస్తే, మొదటిదాన్ని చూసి లోపం పసిగట్టినవాళ్లు ఇంకా సవరణ అందని యంత్రాల మీద పడతారు. ఈ పని యాంత్రికంగా జరిగే ఏర్పాటు కుదరకపోవడంతోనే వుడీ విడుదల కొన్ని వారాలు ఆలస్యమైంది. కొత్త ఫీచర్లన్నీ సిద్ధంగా ఉన్నా, రేపు రాబోయే సవరణలను అందించే యంత్రాంగం లేదని విడుదలను ఆపుకున్నారు. సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇంత నిజాయితీ తరచుగా కనిపించదు.

ప్రతి సవరణతోపాటు డీఎస్‌ఏ అనే వరుస సంఖ్యతో ప్రకటన వెలువడుతుంది. లోపం ఏమిటి, దాని సీవీఈ సంఖ్య ఎంత, ఏ విడుదలలో ఏ ప్యాకేజీతో అది పోతుంది అన్నవి అందులో ఉంటాయి. భద్రతా సవరణల భాండారం కూడా మిగతా ప్యాకేజీలకు వేరుగా ఉంటుంది కాబట్టి, నిర్వాహకుడు ఆ ఒక్క భాండారం పేరు అమరికలో ఉంచుకుంటే ఇతర మార్పులేవీ యంత్రంలోకి రావు. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ ప్రోగ్రాం ఈ ఏర్పాటును ఒకటి రెండు ఆదేశాల పని చేసింది. భారత ప్రభుత్వ సంస్థ సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ పునాది మీద నిలిచినదే కాబట్టి, తెలుగు సహా భారతీయ భాషల్లో దాన్ని వాడేవాళ్ల భద్రతకూ ఈ శ్రమే ఆధారం.

అదే కాలంలో ఈ పద్ధతి వ్యాపారంగానూ మారింది. 2002లో రెడ్ హ్యాట్ సంస్థ పెద్ద కంపెనీల కోసం ఎంటర్‌ప్రైజ్ లినక్స్ అమ్మడం మొదలుపెట్టింది. లినక్స్ అందరికీ ఉచితంగానే దొరికేది, కొనేవాళ్లు డబ్బు పెట్టింది అందులోని మార్పుల కోసం కాదు, మార్పులు లేకుండా ఏళ్ల తరబడి భద్రత దొరుకుతుందన్న హామీ కోసం. అంతకుముందు ఏడేళ్లుగా ఉన్న ఆ హామీని 2012లో పదేళ్లకు పెంచారు. రెడ్ హ్యాట్ తన ప్రకటనలను మూడుగా విడగొట్టింది: భద్రతకు ఒకటి, మామూలు తప్పులకు ఒకటి, కొత్త సౌకర్యాలకు ఒకటి. ప్యాకేజీలు ఎక్కించే యమ్ ప్రోగ్రాంకు భద్రత వరకే అని ఆదేశమిస్తే మొదటి రకమే దిగుమతి అవుతుంది. రెడ్ హ్యాట్ కోడ్‌నుంచే తయారై ఉచితంగా దొరికిన సెంట్‌ఓఎస్‌లో మాత్రం ఈ వర్గీకరణ సమాచారం భాండారంలో ఉండేది కాదు. అక్కడ అదే ఆదేశమిస్తే వేయాల్సిన భద్రతా సవరణలేవీ లేవన్నట్టు జవాబు వచ్చేది. ఆ జవాబు చూసి ధైర్యపడ్డ సర్వర్లన్నీ నిజానికి లోపాలతోనే నడిచాయి. సవరణ ఉంటే చాలదు, అది భద్రతా సవరణ అన్న ముద్ర దాని మీద ఉండాలి, ఆ ముద్ర చివరి యంత్రందాకా చేరాలి.

బ్యాక్‌పోర్టింగ్ వల్ల వెర్షన్ సంఖ్యకూ భద్రతకూ ఉన్న సంబంధం తెగిపోయింది. 2014 ఏప్రిల్ 7న, ఇంటర్నెట్‌లో పంపే సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం ఇందుకు మంచి ఉదాహరణ. లోపం 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ఉన్న వెర్షన్లలో ఉంది, 1.0.1జి లో పోయింది. డెబియన్ 7లో ఉన్నది 1.0.1ఇ. సవరణ వచ్చాక కూడా అది 1.0.1ఇ గానే మిగిలింది, చివర డెబియన్ తగిలించిన తోక ఒక్కటే మారింది. సంఖ్య మాత్రమే చూసే తనిఖీ పరికరాలు సవరించిన సర్వర్లను కూడా ప్రమాదకరమని నివేదించాయి. ఆడిట్ కోసం వచ్చినవాళ్లకు ఈ తోక అర్థం వివరించడం నిర్వాహకుల ఉద్యోగంలో భాగమైపోయింది. ఇందులో ఇంకో కోణమూ ఉంది. అప్పటికి ముసలిదైపోయిన డెబియన్ 6లో 0.9.8 శ్రేణి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉండేది. లోపాన్ని తెచ్చిన కొత్త సౌకర్యం అందులో అసలు లేదు, కనుక దానికి ఏ ప్రమాదమూ రాలేదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5 విషయంలోనూ ఇంతే. కొత్త సౌకర్యాలను ఆపుకోవడం కేవలం స్థిరత్వం కోసమే కాదనీ, కొత్త లోపాల నుంచి కూడా కాపాడుతుందనీ ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు చెప్పే మాటకు ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు.

అయితే డెబియన్ ప్రయాణం గాయాలు లేకుండా సాగలేదు. 2003 నవంబరులో ఎవరో దొంగిలించిన పాస్‌వర్డ్‌తో ప్రాజెక్టు సొంత సర్వర్లలోకి ప్రవేశించి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌లోని ఒక లోపంతో పూర్తి అధికారం సంపాదించారు. నాలుగు సర్వర్లు దెబ్బతిన్నాయి. ప్యాకేజీల ప్రధాన భాండారం చెక్కుచెదరలేదు. విచారణలో తేలిన విషయం ఈ పద్ధతి మూలాన్నే తాకింది. ఆ కెర్నెల్ తప్పును ఆండ్రూ మోర్టన్ అదే ఏడాది సెప్టెంబరులోనే కనిపెట్టాడు. సవరణ కూడా కెర్నెల్ తదుపరి వెర్షన్ కోసం చేరింది. కానీ దాంతో యంత్రాన్ని వశపరచుకోవచ్చని అప్పుడెవరూ గుర్తించలేదు. మామూలు తప్పుగా నమోదైన దాన్ని భద్రత వరకే తీసుకునేవాళ్లు ఎవరూ తీసుకోలేదు, తీసుకునే వీలూ లేదు. దాడి చేసినవాళ్లు మాత్రం దాని విలువ గ్రహించారు.

2005లో మరో బలహీనత బయటపడింది. వుడీ తర్వాత మూడేళ్లకు, ఆ ఏడాది జూన్‌లో 'సార్జ్' విడుదల కాగానే కొన్ని వారాల పాటు భద్రతా సవరణలు దాదాపు ఆగిపోయాయి. తయారీ యంత్రాంగం కొత్త విడుదలకు సర్దుకోలేదు, బృందంలో చురుగ్గా పనిచేస్తున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. లక్షల సర్వర్లకు ఇచ్చిన మాట ఇద్దరు ముగ్గురి తీరిక మీద ఆధారపడి ఉందని అప్పుడే చాలామందికి తెలిసింది. ఆ తర్వాత బృందాన్ని విస్తరించారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 2008 మే 13న వెలువడ్డ డీఎస్‌ఏ-1571. మెమరీ వాడకంలోని తప్పులు పట్టే ఒక పరికరం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో హెచ్చరికలు చూపడంతో, వాటిని పోగొట్టడానికి డెబియన్ ప్యాకేజీలో 2006లో చిన్న మార్పు చేశారు. తీసేసిన వరుసల్లో ఒకటి రహస్య తాళాల తయారీకి అవసరమైన యాదృచ్ఛికతను కలిపే వరుస. దాంతో తాళం ఏదవుతుందన్నది ప్రాసెస్ సంఖ్య ఒక్కదాని మీదే ఆధారపడింది. ఒక్కో రకం తాళానికి సుమారు 32 వేల అవకాశాలే మిగిలాయి. వాటన్నిటినీ ముందే తయారుచేసి పెట్టుకుని ఒక్కొక్కటే ప్రయత్నించడం ఎవరికైనా సాధ్యమే. లూసియానో బెల్లో దీన్ని కనిపెట్టేసరికి ఇరవై నెలలు గడిచాయి, డెబియన్ నుంచి పుట్టిన ఉబుంటు కూడా దాని పాలబడింది. మార్పు చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే, అది భద్రతా సవరణ కూడా కాదు. అయినా అసలు రచయితల కోడ్‌ను దూరం నుంచి మార్చేవాళ్లందరికీ ఇది హెచ్చరిక: పరిమాణంలో చిన్నదైనంత మాత్రాన మార్పు సురక్షితం కాదు. అప్‌డేట్ వేసుకోవడంతో పని ముగియలేదు కూడా. ఆ ఇరవై నెలల్లో తయారైన తాళాలన్నిటినీ వెతికి పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది.

బ్యాక్‌పోర్టింగ్‌కు హద్దు ఎక్కడుందో బ్రౌజర్ చూపించింది. 2006లో మొజిల్లా సంస్థ తమ అనుమతి లేని ప్యాచ్‌లు కలిపితే ఫైర్‌ఫాక్స్ పేరు వాడకూడదని పట్టుబట్టింది. పాత వెర్షన్‌కు సొంత సవరణలు వేసుకోవడం డెబియన్‌కు ప్రాణం కాబట్టి, పేరు వదులుకుని బ్రౌజర్‌కు ఐస్‌వీసెల్ అని పెట్టుకుంది. 2011 నుంచి ఫైర్‌ఫాక్స్ ఆరు వారాలకొక వెర్షన్ తేవడం మొదలుపెట్టాక పాత కోడ్‌కు సవరణలు అమర్చడం మనుషుల వల్ల కాలేదు. ప్రతి విడుదలలోనూ పెద్ద సంఖ్యలో భద్రతా లోపాలు సరిచేస్తుండగా, కోడ్ అంతకంటే వేగంగా మారిపోతోంది. 2013లో డెబియన్ భద్రతా బృందం ఓటమిని దాచుకోకుండా ప్రకటించింది: ఇకమీదట స్టేబుల్‌లోనూ మొజిల్లా దీర్ఘకాలం నిలిపే ఈఎస్‌ఆర్ వెర్షన్లనే, కొత్త సౌకర్యాలతో సహా, భద్రతా సవరణల పేరిట ఇస్తామంది. పేరు గొడవ 2016లో సమసి ఫైర్‌ఫాక్స్ తిరిగొచ్చింది. భద్రతా భాండారంలోకి భద్రతేతర మార్పు అధికారికంగా ప్రవేశించడం మాత్రం స్థిరపడిపోయింది.

విండోస్ వైపు కథ వేరే దారిన నడిచింది, ఎందుకంటే అక్కడ తెగిపోయింది శ్రమ కాదు, నమ్మకం. 1998లో విండోస్ 98తో విండోస్ అప్‌డేట్ వచ్చింది. కొన్నేళ్లపాటు మైక్రోసాఫ్ట్ కూడా చాలా జాగ్రత్తగానే వ్యవహరించింది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో కోడ్‌ను రెండు శాఖలుగా నడిపేది. జీడీఆర్ శాఖలో అందరికీ అవసరమైన భద్రతా, ముఖ్య సవరణలే ఉండేవి. ఒక్కో ఖాతాదారు ఇబ్బంది కోసం చేసిన ప్రత్యేక సవరణలు క్యూఎఫ్ఈ అనే రెండో శాఖలోకి పోయేవి. ఒక్కో అప్‌డేట్ ఫైలులో రెండు రకాలూ ఉండి, యంత్రంలో అప్పటికి ఏ శాఖ ఉందో చూసుకుని తగినది ఎక్కేది. సంఖ్యలో అపారమైన యంత్రాల మీద లోపం మేరకే చేయి పెట్టడానికి చేసిన ఈ ఏర్పాటుకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

సమస్య వేసుకునేవాళ్ల దగ్గర వచ్చింది. 2003 జనవరి 25న ఎస్‌క్యూఎల్ స్లామర్ వర్మ్ నిమిషాల్లో ప్రపంచాన్ని చుట్టేసింది. దానికి సవరణ ఆరు నెలల ముందే, 2002 జులైలోనే వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో బ్లాస్టర్ వర్మ్ వచ్చేసరికి సవరణ వెలువడి నెల కూడా కాలేదు. అప్‌డేట్ ఏ రోజు ఏ గంటకు ఊడిపడుతుందో తెలియక నిర్వాహకులు వాటిని పరీక్షించడానికి మనుషులను సిద్ధం చేసుకోలేకపోతున్నారని గ్రహించి, 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేయడం మొదలుపెట్టింది. విడుదల వేళ అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలు, అంటే భారతదేశంలో రాత్రి పదిన్నర లేదా పదకొండున్నర. విదేశీ కంపెనీల సర్వర్లు చూసుకునే హైదరాబాద్ ఆఫీసుల్లో ప్యాచింగ్ విండో, చేంజ్ రిక్వెస్ట్, వారాంతపు డౌన్‌టైమ్ అనే మాటలు ఈ క్యాలెండర్ చుట్టూ అల్లుకున్నవే.

నమ్మకం తెగింది 2015, 2016ల్లో. విండోస్ 7, 8.1 వాడేవాళ్ల యంత్రాల్లోకి అప్‌డేట్ల దారినే విండోస్ 10కు మారమనే ప్రచార ప్రోగ్రాం వచ్చి కూర్చుంది. భద్రత కోసం తెరిచిన దారిని అమ్మకం కోసం వాడారని చాలామంది కోపగించి అప్‌డేట్లనే ఆపేశారు. నష్టం ఆ కోపంతో ఆగలేదు, సవరణలు అందని యంత్రాలు పెరిగాయి. అప్పటిదాకా ఒక్కో సవరణను విడిగా ఎంచుకునే వీలుండేది. 2016 అక్టోబరు నుంచి ఆ వీలు పోయి, అన్నీ కలిసిన నెలవారీ రోలప్ ఒకటి, ఆ నెల భద్రతా సవరణలే ఉన్న 'సెక్యూరిటీ ఓన్లీ' అప్‌డేట్ ఒకటి మిగిలాయి. రెండోది మామూలు విండోస్ అప్‌డేట్‌లో కనిపించేది కాదు, సంస్థల సర్వర్ ద్వారానో కేటలాగ్ నుంచి చేత్తోనో తెచ్చుకోవాల్సి వచ్చేది. అయినా ఓపికగా ప్రతి నెలా తెచ్చుకున్నవాళ్లు చాలామందే. 2019 జులైలో విండోస్ 7 కోసం వచ్చిన సెక్యూరిటీ ఓన్లీ అప్‌డేట్‌లో, కొత్త వెర్షన్‌కు యంత్రం పనికొస్తుందా అని పరిశీలించి సమాచారం పంపే భాగం కూడా ఉన్నట్టు వాడకందార్లు గమనించారు. పేరుకు, లోపల ఉన్నదానికి పొంతన లేని అప్‌డేట్ ఒక్కటి చాలు, తర్వాతి వాటన్నిటి మీదా అనుమానం మొలవడానికి. విండోస్ 10లో ఈ ఎంపిక అసలు ఉండేది కాదు, ప్రతి నెలా అన్నీ కలిపే వచ్చేవి.

అనుమానం ఖరీదు ఎంతో 2017 మే 12న మొదలైన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై వర్మ్ చూపించింది. దానికి సవరణ మార్చి 14నే వచ్చింది. దాదాపు రెండు నెలల గడువులో వేసుకోని యంత్రాలు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కొన్ని తాళం పడిపోయాయి. 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు సవరణ ఇవ్వాల్సి వచ్చింది.

లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లు ఈ పద్ధతినే ప్రశ్నించారు. 2005 మార్చిలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, క్రిస్ రైట్ కలిసి విడుదలైన కెర్నెల్‌కు సవరణలే ఇచ్చే 'స్టేబుల్' శ్రేణి ప్రారంభించారు. ప్యాచ్ నూరు వరుసలు దాటకూడదు, స్పష్టంగా సరైనదై ఉండాలి, పరీక్షించి ఉండాలి అన్నవి నియమాలు. కానీ అందులో భద్రతా సవరణలకు వేరే ముద్ర వేయడానికి లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. కెర్నెల్‌లో ఏ తప్పు దాడికి పనికొస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి అన్నీ తీసుకోవడమే క్షేమం అన్నది వాళ్ల వాదన. 2003లో డెబియన్ సర్వర్లకు జరిగింది చూస్తే ఈ వాదనను తోసిపుచ్చలేం. 2016 అక్టోబరులో బయటపడ్డ డర్టీ కౌ లోపాన్ని టోర్వాల్డ్స్ స్వయంగా పదకొండేళ్ల ముందే ఒకసారి సరిచేయబోయి, వేరే ఇబ్బంది రావడంతో ఆ సవరణ వెనక్కి తీసుకున్న సంగతీ ఉంది. 2024 ఫిబ్రవరిలో కెర్నెల్ బృందం తమ లోపాలకు తామే సీవీఈ సంఖ్యలిచ్చే అధికారం పొందాక, భద్రతతో కాస్త సంబంధం ఉండవచ్చనిపించిన ప్రతి సవరణకూ సంఖ్య ఇస్తోంది. ఏడాదికి వేలల్లో వస్తున్న ఈ సంఖ్యల్లోంచి ఏరుకోవడం సాధ్యం కాదు. డెబియన్ కూడా ఇప్పుడు కెర్నెల్ విషయంలో దీర్ఘకాల శ్రేణి విడుదలలను మొత్తంగానే తీసుకుని భద్రతా భాండారంలో పెడుతోంది.

ఫోన్లలో ఈ విడదీత ఆలస్యంగా వచ్చింది. 2015 జులైలో ఆండ్రాయిడ్‌లో స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడ్డాక గూగుల్ ఆగస్టు నుంచి నెలవారీ భద్రతా సవరణలు మొదలుపెట్టింది. ఆండ్రాయిడ్ వెర్షన్‌తో సంబంధం లేకుండా, ఫోన్‌లో సవరణలు ఏ తేదీ దాకా చేరాయో చెప్పే 'సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్' ఫోన్ వివరాల పేజీలో ఆ తర్వాత కనిపించడం మొదలైంది. ఫోన్ తయారీ కంపెనీ ఎన్ని నెలలు వెనకబడి ఉందో సాధారణ వాడకందారు సొంతంగా చూసుకోగలిగిన కొలత అదొక్కటే. ఆపిల్ 2021లో ఐఓఎస్ 15 విడుదల చేసినప్పుడు పాత 14లోనే ఉండి భద్రతా సవరణలు తీసుకునే వీలిచ్చి, కొన్ని నెలలకే ఉపసంహరించుకుంది.

కొత్తదాన్ని ఆపుకోవడంలోని మేలు 2024 మార్చి 29న మరోసారి కనిపించింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్, డెబియన్ అభివృద్ధి వెర్షన్ ఉన్న యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతుండడం గమనించి తవ్వుకుంటూ పోగా, ఎక్స్‌జడ్ లైబ్రరీ తాజా వెర్షన్లు 5.6.0, 5.6.1లలో ఎవరో ఉద్దేశపూర్వకంగా దొంగదారి పెట్టినట్టు తేలింది. ఆ వెర్షన్లు డెబియన్ అభివృద్ధి, పరీక్షా విభాగాల దాకా వచ్చాయి. భద్రతా సవరణలు మాత్రమే తీసుకునే స్టేబుల్‌లోకి రాలేదు.

ఈ సవరణలు వాటంతట అవే ఎక్కే ఏర్పాటు కూడా ఇప్పుడు మామూలైంది. ఉబుంటులో ముందే అమర్చి వచ్చే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ప్రోగ్రాం సొంతంగా రోజూ భద్రతా భాండారాన్ని చూసి, అందులో ఉన్నవాటినే వేస్తుంది, మిగతావాటిని మనిషి నిర్ణయానికి వదిలేస్తుంది. కెర్నెల్ సవరణ మాత్రం మామూలుగా యంత్రాన్ని రీబూట్ చేసేదాకా పనిలోకి రాదు. లైబ్రరీ మారినా దాన్ని అప్పటికే వాడుతున్న ప్రోగ్రాం పాతదాన్నే పట్టుకుని నడుస్తుంటుంది. అప్‌డేట్ వేసి, నెలల తరబడి రీబూట్ చేయని సర్వర్ కాగితం మీద మాత్రమే సురక్షితం.

మిగిలింది గడువు సంగతి. పాత కోడ్‌కు సవరణలు అమర్చే పని ఏటేటా కష్టమవుతూ వస్తుంది, ఆ కష్టానికి ఎవరో ఒకరు వెల చెల్లించాలి. డెబియన్‌లో స్టేబుల్ విడుదలకు సుమారు మూడేళ్ల తర్వాత భద్రతా బృందం బాధ్యత ముగుస్తుంది. 2014లో 'స్క్వీజ్'తో మొదలైన ఎల్‌టీఎస్ ఏర్పాటు దాన్ని ఐదేళ్లకు పొడిగించింది. అందులో పనిచేసేవాళ్లకు చందాలిచ్చే కంపెనీల డబ్బుతో ఫ్రెక్సియన్ సంస్థ వేతనం చెల్లిస్తుంది, సవరణలు మాత్రం అందరికీ ఉచితం. మైక్రోసాఫ్ట్ విండోస్ 7 మద్దతును 2020 జనవరి 14న ఆపాక, కావాలన్న సంస్థలకు భద్రతా సవరణలను మాత్రమే ఏడాదికింత అని అమ్మింది. 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసిన విండోస్ 10కు అదే ఏర్పాటును ఇళ్లలో వాడేవాళ్లకు ఒక ఏడాది, సంస్థలకు మూడేళ్ల వరకు ఇస్తోంది. కొత్త సౌకర్యాలు లేని, లోపాల సవరణలే ఉన్న విండోస్ కావాలంటే దొరికే దారుల్లో ఇదొకటి.